మూడు రెక్కలు

పెన్న గట్టున రేకుల గదిలో గుమాస్తా అడిగినాడు:
"దస్తగిరమ్మా? పూడ్చేదా, కాల్చేదా?"
పేరును బట్టి తేల్చుకోలేక
పెన్ను చెవి మీద పెట్టుకున్నాడు.
మొక్కుకుంటే పుట్టిందని పెట్టిన పేరు సామీ,
దర్గాలో చక్కెర చదివించి
ఇంటికొచ్చి టెంకాయ కొట్టినోళ్లు
అని చెప్పినాను. రాసుకోలేదు.

కట్టెలైతే బరువును బట్టి. తుమ్మ మొద్దులు, సగం పచ్చివే,
కిరసనాయిలు మీరే తెచ్చుకోవాల.
గ్యాసు పొయ్యి కావాలంటే అనంతపురం పోవాల,
గంటన్నరలో బూడిద చేతికిస్తారంట,
బండి బాడిగ వేరే.
పూడ్చేదానికి వాళ్ల కులం జాగా ఉంటే ఆడికి పోండి,
లేదంటే ఈ మూల ఆరడుగులు, పైన ఏమీ కట్టకూడదు.
కాలేజీకి ఇస్తే డాక్టరు చదివే పిల్లోళ్లకు పనికొస్తుందని
వెనక నుంచి ఎవరో అన్నారు.
ఆమె ఊపిరితిత్తులు కోసి చూస్తే
తాడిపత్రి బండలు ఎట్ల నున్నగవుతాయో వాళ్లకు తెలుస్తుంది.
పైకి అనలేదు.

ఫారంలో ఒక గడి: మృతురాలికి ఏమవుతారు?
ఏమవుతాను.
పంతొమ్మిదేండ్లు ఒకే గది, బాడిగ చెరి సగం.
ఆమె పాలీషు ఫ్యాక్టరీకి, నేను అంగన్వాడీకి.
మిషను నీళ్లలో నానిన ఆమె కాళ్లకు
రాత్రిళ్లు ఆముదం కాచి రుద్దేదాన్ని.
నా జొరానికి మూడు రోజుల కూలి పోగొట్టుకునింది,
ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, ఒక్క కొట్లాటలో తప్ప.
దీనికి పేరేమన్నా ఉంటే రాసుకో నాయనా, అన్నాను.
"చెల్లెలు" అని రాసినాడు.
నేనే నాలుగేండ్లు పెద్ద.
దిద్దమనలేదు.

కాల్చినాం. కట్టెలతోనే.
ఏండ్లకేండ్లు తడి చీర కుచ్చిళ్లతో బతికిన మనిషి,
ఒక్క పూటన్నా బాగా ఆరనీ అనిపించింది.

మూడోనాడు బూడిద కుండ ఎత్తుకోని పెన్నలోకి దిగితే
పెన్న యాడ?
ఇసుక, ఇసుక మీద ట్రాక్టర్ల జాడలు.
కొంగు దోపి చేతుల్తోనే చెలమ తోడినాను.
మోచేతి లోతున చెమ్మ,
భుజం లోతున నీళ్లు, అరచేయంత.
ఆ అరచేయంతలోనే కలిపినాను.
ఊట ఊరతా ఉంటే తేలింది, తిరిగింది, అణిగింది.
కొంచెం నా గోళ్లలో ఉండిపోయింది.
రెండు రోజులు ఎడమచేత్తో స్పూను పట్టుకోని తిన్నాను.

గుర్తుకు ఏం చేస్తావు అని అందరూ అడిగేవాళ్లే.
ఫ్యాక్టరీ సేటు మూల విరిగిన నల్లబండ ఊరికే ఇస్తానన్నాడు,
చెక్కుడు కూలి నాదంట.
గుంతే లేని మనిషికి బండ యాడ నాటేది?
బస్టాండులో సిమెంటు బెంచీ వేయించమన్నారు.
స్టీలు గలాసుల మీద పేరు కొట్టించి పంచమన్నారు.
నాలుగురోడ్ల కాడ ఫ్లెక్సీ, పైన "కన్నీటి వీడ్కోలు",
ఫోటో ఉందా అన్నారు.
ఆధారు కార్డులో ఉండాది,
అందులో దేన్నో దొంగిలించి దొరికిపోయిన మాదిరి ఉండాది.

ఆమె కమ్మలు అమ్మి ఫ్యాను కొన్నాను, అంగన్వాడీకి.
పేరు రాయమంటే పెయింటరు తల గోక్కున్నాడు,
రెక్కలు మూడే, పేరేమో పొడుగు.
"దస్త" ఒకదాని మీద, "గిర" ఒకదాని మీద,
"మ్మ" ఒక్కటే ఇంకోదాని మీద.

తిరిగేటప్పుడు ఆమె కనపడదు. గాలి, అంతే.
పిల్లోళ్లు చాప మీద నోర్లు తెరుచుకోని నిద్రపోతారు.
మధ్యాన్నం రెండుకు కరెంటు పోతాది.
ముందు తిట్టుకునేదాన్ని.
ఇప్పుడు తలెత్తి చూస్తాను:
రెక్కలు మెల్లగై, ఇంకా మెల్లగై,
అక్షరాలు ఒకదాని ఎనక ఒకటి నిలబడతాయి.

చెల్లెల్ని పిలుచుకుపోను వచ్చిన రెండో తరగతి హన్సిక
మెడ వెనక్కి వాల్చి కూడబలుక్కుంటాది:
గిర... మ్మ... దస్త.
"అంతేనా ఆయమ్మా?"
అంతేలే తల్లీ.